పత్తికి సముద్రనాచు మందు: బెట్టకు ముందే ఎలా కొట్టాలి?

వాడిపోయిన పత్తి మీద నాచు మందు కొట్టి, వారం తర్వాత దుకాణం ముందు గొడవకు దిగేవాళ్లు ప్రతి ఆగస్టులోనూ కనిపిస్తారు. చాలాసార్లు తప్పు మందుది కాదు, కొట్టిన రోజుది.

సామాన్లు: చేతి పంపు, సన్న నాజిల్, కొలత గ్లాసు, వడకట్టే గుడ్డ. డబ్బాకు బిల్లు అడగండి. ఇలా మొక్కను ఉత్తేజపరిచే మందులను (బయోస్టిమ్యులెంట్లను) 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. లోపల ఏముందో రాయకుండా "దిగుబడి రెట్టింపు" అని మాత్రమే అచ్చేసిన సీసాను అక్కడే పెట్టేసి రండి. మోతాదు లేబుల్ చెప్పినంతే. లీటరుకు 2.5 మి.లీ. అని ఉంటే 16 లీటర్ల ట్యాంకుకు 40 మి.లీ. మూతలతో కొలవొద్దు.

ఇక అసలు సంగతి, రోజు ఎంచుకోవడం. ఈ మందు మొక్కకు నీళ్లివ్వదు. బెట్టను తట్టుకునే ప్రోలిన్ లాంటి పదార్థాలను మొక్క తనే కూడగట్టుకునేలా చేస్తుంది. అందుకు మొక్క తేటగా ఉండాలి, నాలుగు రోజుల వ్యవధీ కావాలి. బెట్టకు చిక్కిన ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది. మందు లోపలికి దిగదు, పైనే ఆరి అంచులు మాడినా మాడతాయి.

కాబట్టి వాన వెలిసి, నేలలో పదును ఉండగానే కొట్టాలి. గూడ (పూమొగ్గ) పట్టినప్పటి నుంచి మేఘదూత్ యాప్‌లో ఐదు రోజుల వాతావరణం చూస్తుండండి. వాన లేదని చూపిస్తే ఆ సాయంత్రమే పంపు భుజానికెత్తండి. "ఇంకో వారం చూద్దాం" అన్నారంటే ఆ డబ్బా మీద పెట్టిన డబ్బు పోయినట్టే.

ఆలస్యమైందో లేదో మధ్యాహ్నం చూస్తే తెలియదు, ఎండకు ఏ ఆకైనా వేలాడుతుంది. తెల్లవారుజామున వెళ్లండి. అప్పటికీ తల వాల్చే ఉంటే మూత తీయొద్దు. ఒక తడి పెట్టే వీలుంటే పెట్టి, ఆకులు తేరుకున్నాక రెండో మూడో రోజు కొట్టండి. వీల్లేకపోతే వాన పడేదాకా ఆగాల్సిందే.

వేళ సాయంత్రం నాలుగున్నర దాటాకే. పొద్దున కొట్టేవాళ్లూ ఉన్నారు, నేనొప్పుకోను: పది మొక్కలు దాటేసరికి ఎండెక్కి చుక్క ఆకు మీదే ఆరిపోతుంది. పురుగుమందు కలపొద్దు, కాపర్ మందులైతే అసలే వద్దు. ఆకు సన్నగా తడిస్తే చాలు, నీళ్లు కారక్కర్లేదు. రెండోసారి 15 రోజులకు, అదీ పదును చూసే.

జీవామృతం ఉండగా ఇదెందుకని అడుగుతారు. అది ముఖ్యంగా నేల కోసం. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపిన ఆ నీళ్లను వడకట్టకుండా పంపులో పోస్తే నాజిల్ విప్పి కడుక్కోవడానికే పొద్దుగూకుతుంది. పాదుల్లో పోయండి, నాచు మందు ఆకు మీద కొట్టండి. దేన్ని వాడినా ఎరువు మానేయొద్దు.

నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలి కర్ర పాతండి. నెల తర్వాత ఇటు పది మొక్కలకు, అటు పది మొక్కలకు నిలిచిన కాయలు లెక్కపెట్టుకుని, అప్పుడు వెళ్లి దుకాణంవాడిని అతను చెప్పే దిగుబడి శాతాల గురించి అడగండి.