కుక్క మోకాలి లిగమెంటు తెగితే: ఆపరేషన్‌కు ముందు, తర్వాత ఏం చేయాలి?

మా లాబ్రడార్ రాణి ఒక ఉదయం వెనుక కాలు ఎత్తి పట్టుకుని మూడు కాళ్లతో వాకిట్లోకి వచ్చింది. బెణికిందనుకున్నాం, నిజానికి తెగింది మోకాలి లిగమెంటు, అంటే కీలులో ఎముకలను కలిపి పట్టుకునే గట్టి నార. నూనె రాస్తూ మూడు వారాలు పోగొట్టాం. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు గుర్తించండి. కూర్చున్నప్పుడు కాలు మడవకుండా పక్కకు చాపుతుందా? నిలబడితే వేళ్ల కొనలు మాత్రమే నేలకు ఆనిస్తుందా? పడుకుని లేచినప్పుడు కుంటు ఎక్కువగా ఉందా? ఆ తొడ రెండో తొడకన్నా సన్నబడిందా? వీటిలో ఏది కనిపించినా పశువైద్యుడికి చూపించండి. ఈ లిగమెంటు ఒక్క దెబ్బకు తెగడం తక్కువ. చాలా కుక్కల్లో అది నెలల తరబడి పోగు పోగుగా అరిగి, చివరికి ఏదో చిన్న గెంతుకు తెగిపోతుంది.

ఈలోగా మనం వాడే నొప్పి మాత్రలు వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను చెడగొడతాయి. కట్టు కట్టిస్తే సరిపోతుందని మాకూ చాలామంది చెప్పారు. తెగిన ఈ లిగమెంటు కట్టుతో అతుక్కోదు.

డాక్టరు మోకాలిని చేతులతో కదిలించి, కింది ఎముక ముందుకు జారుతుందా అని చూస్తారు. నొప్పికి కుక్క బిగుసుకుపోతే మత్తు ఇచ్చి చూడాల్సి వస్తుంది. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు కానీ కీలులో చేరిన నీరు, అరుగుదల తెలుస్తాయి. కడప చుట్టుపక్కల వారికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. తిరుపతిలో 1955 నుంచి నడుస్తున్న కళాశాల ఉంది. మీ డాక్టరును అడిగి, ఈ ఆపరేషన్ ఎక్కడ చేస్తారో ఫోనులో ముందే కనుక్కుని బయలుదేరండి.

ఏ ఆపరేషన్ అన్నది కుక్క బరువును బట్టి, వయసును బట్టి ఉంటుంది. చిన్న కుక్కలకు సాధారణంగా కీలు బయటి వైపు గట్టి దారంతో బిగిస్తారు. పెద్ద కుక్కలకు ఎక్కువగా చేసేది టీపీఎల్‌ఓ అనే, ఎముకను కోసి సరిచేసే ఆపరేషన్. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఏటవాలులో నిలిపిన ఎద్దుబండి చక్రానికి రాయి అడ్డం పెట్టినట్టు, ఆ వాలు మీద తొడ ఎముక జారకుండా లిగమెంటు ఆపుతుంది. ఆ రాయి పోయింది కనుక డాక్టర్లు వాలునే తగ్గిస్తారు. ఎముకను వంపుగా కోసి, వాలు సుమారు 5 డిగ్రీలకు వచ్చేలా తిప్పి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఆ కోత అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఇంట్లో మన కష్టమంతా ఆ వారాల కోసమే.

ఆపరేషన్‌కు ముందే ఇల్లు సిద్ధం చేయండి. మన ఇళ్లలో ఎక్కువ భాగం నున్నగా పాలిష్ పట్టిన కడప బండలు. కుట్లు వేసిన కాలికి వాటికన్నా పెద్ద శత్రువు లేదు. కుక్క తిరిగే దారంతా గోనె పట్టలు గానీ, జారని రబ్బరు చాపలు గానీ పరచండి. మెట్లకు అడ్డం పెట్టండి. మంచం ఎక్కనివ్వకండి.

మొదటి 3 రోజులు ఐసును తువ్వాలులో చుట్టి, రోజుకు మూడుసార్లు 10 నిమిషాల చొప్పున మోకాలిపై ఉంచండి. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గాయం నాకకుండా మెడకు తొడిగే గరాటు తీయకండి. జాలిపడి మేము ఒక్క రాత్రి తీస్తే తెల్లారేసరికి ఒక కుట్టు నాకి ఊడదీసింది. బయటికి తీసుకెళ్లేది మూత్రవిసర్జనకే, అదీ పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని.

డాక్టరు సరేనన్నాక వ్యాయామం మొదలుపెట్టండి. పక్కకు పడుకోబెట్టి, తొడకు ఒక చేయి ఆనించి, కాలిని సైకిలు తొక్కించినట్టు నెమ్మదిగా 10 సార్లు మడిచి చాపండి. మూతి తిప్పినా, కండ బిగిసినా అక్కడితో ఆపండి. నడక బెల్టు పట్టుకునే, రోజుకు మూడు నాలుగుసార్లు 5 నిమిషాలు. తర్వాత వారానికి మరో 5 నిమిషాలు పెంచండి. నెమ్మదిగా నడిపించాలి, వేగంగా వెళితే ఆ కాలు ఎత్తేసి మూడు కాళ్లతోనే గెంతుతుంది. వేసవిలో తెల్లవారకముందే ముగించండి, మన తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది. కూర్చోబెట్టి లేపడం తొడకు మంచి కసరత్తు. పరుగెత్తడం, గెంతడం మాత్రం 8వ వారం తర్వాత ఎక్స్‌రే తీసి ఎముక అతికిందని చెప్పేదాకా వద్దు.

బాగా ఆనిస్తున్న కాలును మళ్లీ ఎత్తేసినా, గాయం చెమర్చినా, వాచినా అదే రోజు డాక్టరుకు చూపించండి.

తిండి తగ్గించడం నాకు అన్నిటికన్నా కష్టమైంది. రాణి 38 కిలోలుండేది. నెయ్యి వేసిన సంగటి ముద్దలు మాన్పించి, కొలిచి పెట్టి 31కి దించాం. ఒక కాలి లిగమెంటు తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండో కాలిదీ తెగుతుంది, బరువు ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. రాణికి ఆపరేషన్ అయి ఏడాదిన్నర. మా ఇంట్లో బండల మీద పట్టలు ఇంకా అలాగే ఉన్నాయి.