ఇంటర్ తర్వాత ఆడిట్ ఆఫీసులో పని నేర్చుకోవడం ఎలా?

ఇంటర్‌లో ఎంఈసీనో సీఈసీనో పూర్తి చేసి, తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక సీఏ గారి ఆఫీసులో చేరబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే చేరాను. మొదటి రోజుల్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతులే ఇవి.

చేరే ముందు ఇది తేల్చుకోండి

మీరు సీఏ చదవాలనుకుంటున్నారా, అకౌంట్స్ పని నేర్చుకుని ఉద్యోగం చూసుకోవాలనుకుంటున్నారా? రెండూ మంచివే, దారులు మాత్రం వేరు. సీఏ అయితే ఇంటర్ తర్వాత ఫౌండేషన్ అనే పరీక్ష రాయాలి. అందులో నాలుగు పేపర్లు. ఒక్కోదాంట్లో 40 మార్కులు, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆ తర్వాత సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్, అంటే ఒక సీఏ దగ్గర చేసే శిక్షణ. 2023 జులై నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో అది రెండేళ్లు.

అంతకుముందు మామూలు అసిస్టెంటుగా ఎన్నాళ్లు పనిచేసినా ఆ కాలం ఆర్టికల్‌షిప్‌లో లెక్కకు రాదు. ఈ సంగతి తెలియక, అనుభవం కలిసొస్తుందనుకుని రెండేళ్లు గడిపేసిన వాళ్లను చూశాను. చేరే రోజే సార్‌ని అడగండి: "సార్, నన్ను ఏ పద్ధతిలో తీసుకుంటున్నారు? పరీక్షకు సెలవు ఎన్నాళ్లు ఇస్తారు?" అడగడానికి మొహమాటపడకండి.

మొదటి నెల: వోచింగ్

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్7 జర్నల్ అని వారంలో చేతికి వచ్చేస్తుంది. దానికి టెన్షన్ పడాల్సిన పని లేదు. అసలు పని వోచింగ్. అంటే పుస్తకంలో రాసిన ఖర్చుకు బిల్లు తీసి, రెండింటినీ పోల్చి టిక్ పెట్టడం. బిల్లు మీద అంకె ఒక్కటే చూస్తే వోచింగ్ కాదు. తేదీ ఈ సంవత్సరానిదేనా? బిల్లు ఎవరి పేరున ఉంది? జీఎస్టీ నంబరు ఉందా? డబ్బు ఇవ్వమని సంతకం చేసింది ఎవరు? రాసిన ఖాతా సరైనదేనా?

రెండో నెలలో నేను ఒక బట్టల కొట్టు రిపేర్ల ఖర్చు కట్ట మొత్తానికి అంకెలు మాత్రమే చూసి టిక్కులు పెట్టేశాను. సాయంత్రం మా సార్ మధ్యలోంచి ఒక బిల్లు లాగారు. సిమెంటు బిల్లు, డెలివరీ అడ్రసు యజమాని కొత్త ఇల్లు కడుతున్న వీధి. "ఇది చూశావా నాయనా?" అని మాత్రం అడిగారు. చూడలేదు. కానీ దాని మీద నా పచ్చ ఇంకు టిక్ ఉంది. ఆ రాత్రి కట్ట మొత్తం మళ్లీ తిరగేశాను. టిక్ అంటే "నేను చూశాను" అని మీరిచ్చే మాట. చూడనిదానికి టిక్ పెట్టొద్దు. టైం చాలకపోతే చూడలేదని రాయండి, ఎవరూ తప్పు పట్టరు.

నగదు ఖర్చుల దగ్గర ఇంకొంచెం ఆగండి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. లారీ కిరాయికైతే ఆ పరిమితి 35,000. ఒకే పేరు మీద ఒకే తేదీన 9,800 చొప్పున రెండు వోచర్లు కనబడితే కలిపి చూడాలి, విడదీసి రాసినంత మాత్రాన పరిమితి మారదు. మన చిత్తూరు వైపు ఇందులోనే ఇంకో మెలిక ఉంది. పంట పండించిన రైతుకే నేరుగా నగదు ఇస్తే ఈ నియమం నుంచి మినహాయింపు. అదే మామిడి కాయలను మధ్యలో వ్యాపారి దగ్గర కొంటే ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి కాటా చీటీ మీద ఉన్న పేరు రైతుదా, మండీ వ్యాపారిదా అన్నది చూడాల్సిందే.

లాడ్జీల ఆడిట్ తిరుపతిలో తప్పదు. గది ఇచ్చిన రిజిస్టరు, బిల్లు పుస్తకం, క్యాష్ బుక్కు మూడూ పక్కపక్కన పెట్టుకోండి. బిల్లు నంబర్లు వరసగా ఉన్నాయా చూడండి. రద్దు చేసిన బిల్లయితే దాని అన్ని కాపీలూ పుస్తకంలోనే ఉండాలి.

సరుకు లెక్కకు వెళ్లినప్పుడు

మార్చి 31న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సరుకు లెక్కపెట్టడానికి పంపితే సంతోషంగా వెళ్లండి. ఆడిట్ అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది. గోదాములో తోతాపురి గుజ్జు డ్రమ్ములు, ఒక్కోదాంట్లో సుమారు 215 కిలోలు, ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. స్టోర్ కీపర్ ముందు వరస చూపించి "ఇట్లే లోపలిదాకా ఉండాయి" అంటాడు. "అన్నా, వెనక వరస కూడా చూడాలన్నా" అని మర్యాదగా అడిగి దారి చేయించుకోండి. మీరే లెక్కపెట్టండి. అక్కడక్కడ డ్రమ్మును తట్టి చూడండి, ఖాళీదైతే చప్పుడే వేరు.

తర్వాత రెండు వైపుల నుంచీ చూడాలి. గోదాములో మీరే ఎంచుకున్న ఐదు డ్రమ్ముల బ్యాచ్ నంబర్లు రాసుకుని పుస్తకంలో వెతకండి. పుస్తకంలోంచి ఐదు తీసుకుని గోదాములో చూపించమనండి. మొదటిదాంతో పుస్తకంలో ఎక్కని సరుకు బయటపడుతుంది. రెండోదాంతో పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేని సరుకు బయటపడుతుంది. వేరే కంపెనీకి జాబ్‌వర్కుగా, అంటే వాళ్ల సరుకును కూలికి తయారుచేసి ఇచ్చే పద్ధతిలో, చేసిన డ్రమ్ములు కూడా అక్కడే ఉండొచ్చు, కాబట్టి "ఇది ఎవరి సరుకు?" అని ప్రతి వరస దగ్గరా అడగండి. వచ్చే ముందు ఆ రోజు ఆఖరి గేట్ పాస్ (సరుకు గేటు దాటేటప్పుడు ఇచ్చే చీటీ) నంబరు రాసుకోండి.

ఏ పని ఎప్పుడు?

ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుకు మామూలుగా సెప్టెంబరు 30 ఆఖరు. తిరుమల బ్రహ్మోత్సవాలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తాయి. అప్పుడు లాడ్జీ అకౌంటెంట్ గారికి మీతో మాట్లాడే తీరిక ఉండదు. వాళ్ల పని జులై, ఆగస్టుల్లోనే ముగించండి. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లకు కాయ వచ్చే నెలల్లో ఊపిరి సలపదు, సీజన్ తగ్గాక వెళ్లండి. ప్రతి నెలా జీఎస్టీ రిటర్నుల హడావిడి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ, ఎలాగూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. మనవి చిన్న ఊళ్లు, క్లయింటు మీ మేనమామకు తెలిసినవాడే అయివుంటాడు. పెళ్లిలో ఎవరైనా "ఆ కొట్టాయనకు ఏడాదికి ఎంత మిగుల్తుందిరా?" అంటే నాకు తెలియదనే చెప్పండి. క్లయింటు కాగితాల ఫొటోలు మీ సొంత వాట్సాప్‌లో ఉంచుకోవద్దు.

రోజూ ఆఫీసు నుంచి బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఆ రోజు ఏ నెల నుంచి ఏ నెల దాకా చూశారో, ఏ బిల్లులు దొరకలేదో, ఎవరిని అడిగితే ఏమన్నారో రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టి ఫైల్లో ఉంచండి. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని క్లయింటు అకౌంటెంట్‌కి ఫోన్ చేసి, దొరకని బిల్లులు ఒక్కొక్కటిగా అడగండి.