ముందు సున్నా అడ్రస్ చూడండి

పాత హోమ్ కంప్యూటర్ మీద సీపీ/ఎమ్ 2.2 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలనుకుంటే, కోడ్ ముట్టుకోకముందే ర్యామ్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. దాని ప్రోగ్రాములు 256వ మెమరీ అడ్రస్ నుంచి లోడ్ అవుతాయి, అందుకే సున్నా దగ్గర ర్యామ్ తప్పనిసరి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె లాంటి వాటిలో మొదటి 16 కేబీ రోమ్ చిప్‌దే, అంటే రాయడానికి వీల్లేని చోటు. దాన్ని పక్కకు తప్పించే దారి లేకపోతే ఎంత కష్టపడినా లాభం లేదు.

ర్యామ్ ఉందా, ఇక మీరు రాయాల్సింది బయోస్ ఒక్కటే, అంటే మీ హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగం. సీపీ/ఎమ్ పిలిచే ఎంట్రీలు అందులో మొత్తం 17. డిస్క్ జోలికి ఇప్పుడే పోకండి, ముందు స్క్రీన్ మీద ఒక అక్షరం పడేలా చూసుకోండి.

కర్నూలులో మా ఇంట్లో జెడ్80 ప్రాసెసర్ బోర్డు మీద నేను ఇక్కడే రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. నా స్వాగత సందేశం బాగానే వచ్చేది, ప్రాంప్ట్ మాత్రం రాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి లోడ్ చేయడం, ఒకటే టెన్షన్. తీరా చూస్తే, సీపీ/ఎమ్ నుంచి అక్షరం వచ్చేది ప్రాసెసర్‌లోని 'సి' (C) రిజిస్టర్‌లో, నేను స్క్రీన్‌కి పంపుతున్నది 'ఏ' (A) రిజిస్టర్‌ని! కీబోర్డ్ నుంచి చదివిన అక్షరం మాత్రం 'ఏ' (A) లోనే తిరిగివ్వాలి. ఈ రెండూ కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి.