దసరా సీజన్‌కి ముందు పాత బిల్లింగ్ కోడ్ సర్దేవాళ్లకి జాగ్రత్తలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, దాన్నే ఏళ్ల తరబడి చూసుకునే చిన్న టీములకి అక్టోబర్‌లో రెండు గండాలు కలిసి వస్తాయి. ఒకటి దసరా, దీపావళి అమ్మకాలు. రెండోది తుఫాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబర్ 11న. రెండుసార్లూ నవరాత్రులే నడుస్తున్నాయి. కౌంటర్ దగ్గర జనం, కరెంటు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. అలాంటప్పుడు “బాబూ, బిల్లులో ట్యాక్స్ తప్పొస్తోంది” అని సావుకారు గారి ఫోన్ వస్తే (అసలు కలిస్తే), లాప్‌టాప్ తెరిచి పాత కోడ్ చదవడం మొదలుపెట్టే టైం ఉండదు.

అందుకే సర్దుడు పని, అంటే కోడ్ చేసే పని మారకుండా దానిలోని చిక్కులు తీయడం, ఆషాఢంలో పెట్టుకోవాలి. పెళ్లిళ్లు ఉండవు, కౌంటర్ నిదానంగా ఉంటుంది. ఆషాఢం సేల్ పెట్టే బట్టల షాపులుంటే వాళ్ల జోలికి అప్పుడే వెళ్లకుండా కిరాణా, హార్డ్‌వేర్ వాళ్లవి ముందు చూసుకోవచ్చు. వినాయక చవితికల్లా చివరి మార్పు షాపులకి చేరిపోవాలి. మహాలయ అమావాస్య తర్వాత కొత్త వెర్షన్ పంపే మాటే లేదు. ఉదాహరణలు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషవి చెప్తున్నాను, నేను రోజూ చూసేది అదే కాబట్టి. మిగతా భాషలవాళ్లకి టూల్ పేర్లు మారతాయి, పని అదే.

ముందు కొలవండి

“ఆ ఫైలు ముట్టుకుంటే ఏదో ఒకటి పోతుంది” అని ప్రతి టీములోనూ అంటారు. కానీ ఏ ఫైలు అని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్తారు. ఎవరికి దెబ్బ తగిలింది వాళ్లకి గుర్తుంటుంది. ఆ వాదన తేలాలంటే కొలవాలి.

మొదటి కొలత సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. థామస్ మెకేబ్ 1976లో పెట్టిన లెక్క ఇది. ఫంక్షన్‌లో (ఒక పని చేసే కోడ్ ముక్కలో) దారి చీలే చోట్లు ఎన్నో లెక్కపెట్టి ఒకటి కలపడమే. మన ట్యాక్స్ ఫంక్షన్‌నే తీసుకుందాం. ఊరికే 1తో మొదలు. బిల్లులోని సరుకుల మీద లూప్, 2. ఈ సరుకుకి పన్ను మినహాయింపు ఉందా, 3. డిస్కౌంట్ ఇచ్చారా, 4. సరుకు వెళ్లే పార్టీ స్టేట్ కోడ్ 21, అంటే ఒడిశా అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా). ఆంధ్రలోని ఇచ్ఛాపురం పార్టీ అయితే కోడ్ 37, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకం మీద పడేది). అది 5. ఇక రేట్ల స్విచ్ (ఒక్కో విలువకి ఒక్కో దారి, అంటే కేసు, ఉండే కోడ్): 3, 5, 12, 18, 28. అయిదు కేసులు కలిపితే 10. పదికి లోపు ఉంచుకోండి అన్నది మెకేబ్ సలహా, అక్కడికి సరిగ్గా సరిపోయింది.

తర్వాత 2025 సెప్టెంబర్ 22 వచ్చింది. చాలా సరుకులకి 12, 28 స్లాబులు పోయాయి. సరిగ్గా దసరా ముందు, టెన్షన్‌లో అందరూ చేసే పని ఒకటే: ఆ రెండు కేసుల్లోకి వెళ్లి “బిల్లు తేదీ అంతకుముందుదా” అని చెరో ఇఫ్ (షరతు) పెట్టడం. లెక్క 12కి వెళ్లింది. పని నడిచింది, ఎవరూ ఏమీ అనలేదు. వచ్చేసారి రేట్లు మారినప్పుడు ఇంకో రెండు ఇఫ్‌లు పడతాయి.

అదే రేట్లన్నీ డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో పెట్టి, ఏ సరుకు, ఎంత శాతం, ఏ తేదీ నుంచి అని మూడు కాలమ్స్ ఇస్తే స్విచ్ మొత్తం పోతుంది, తేదీ ఇఫ్‌లు రెండూ పోతాయి. 12లో 7 తగ్గి 5 మిగులుతుంది. పాత బిల్లు మీద సరుకు వాపసు వస్తే ఆ బిల్లు తేదీనాటి రేటు దానంతట అదే వస్తుంది. వాపసుకి రాసే క్రెడిట్ నోట్‌కి కావలసింది కూడా ఆ రేటే.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. కోడ్ అంతా వెతికి 12 ఉన్నచోటల్లా 5 పెట్టేయడం కుదరదు. రెడీమేడ్ బట్టల సంగతి చూడండి. అంతకుముందు పీసు ధర 1000 దాటితే 12 శాతం. ఇప్పుడు 2500 దాకా 5, ఆపైన 18. రేటుతో పాటు గీత కూడా జరిగింది. ఆ 1000 అనే అంకె ఎన్ని ఫైళ్లలో ఊరికే రాసి ఉందో వెతకండి. అలాంటి అంకెలని పట్టి ఇచ్చే రూల్స్ కోడ్ తనిఖీ చేసే టూల్స్ చాలావాటిలో ఉంటాయి, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి.

కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అని సోనార్‌సోర్స్ అనే కంపెనీవాళ్లు తెచ్చిన ఇంకో కొలత ఉంది. ఇఫ్‌లో ఇఫ్, దాంట్లో లూప్ పెట్టినకొద్దీ అది ఎక్కువ మార్కులు వేస్తుంది. స్విచ్‌లో ఎన్ని కేసులున్నా ఒక్కటే లెక్క. చదివే మనిషి కష్టానికి ఇది దగ్గర. వాళ్ల కోడ్ తనిఖీ టూల్ సోనార్‌క్యూబ్‌లో ఫంక్షన్‌కి 15 దాటితే ఫిర్యాదు చేస్తుంది. రెండు కొలతల్లోనూ పైన కనిపించే ఫంక్షన్ ఉంటే దాని గురించి ఇక వాదన అక్కర్లేదు.

మొత్తం మార్కు చూసి మురిసిపోవద్దు

మెయింటెయినబిలిటీ ఇండెక్స్ అని ఒకే అంకె ఇచ్చే లెక్క 1992లో వచ్చింది. ఓమన్, హేగెమైస్టర్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. కోడ్ సైజు, చీలికలు, హాల్‌స్టెడ్ వాల్యూమ్ అనే ఇంకో లెక్క కలిపి 171లోంచి తీసేస్తారు. విజువల్ స్టూడియో దాన్ని 0 నుంచి 100కి మార్చింది: 20, ఆపైన ఆకుపచ్చ, 10 నుంచి 19 పసుపు, అంతకన్నా తక్కువ ఎరుపు. ఆకుపచ్చ ఎంత వెడల్పుగా ఉందో చూశారా? 21 వచ్చినా ఆకుపచ్చే, 95 వచ్చినా ఆకుపచ్చే. పైగా ప్రాజెక్ట్ మొత్తానికి సగటు తీస్తే రెండు లైన్ల చిన్న చిన్న ఫంక్షన్లు వందలకొద్దీ ఉండి ట్యాక్స్ ఫంక్షన్‌ని కప్పేస్తాయి. సగటు నేను చూడనే చూడను. కింది నుంచి పది ఫైళ్లు చూస్తాను.

సోనార్‌క్యూబ్ ఇచ్చే మెయింటెయినబిలిటీ రేటింగ్ కూడా అంతే. కోడ్ సర్దడానికి పట్టే టైం, మొత్తం కోడ్ రాయడానికి పట్టే టైంలో 5 శాతం లోపు ఉంటే ‘ఏ’ ఇస్తుంది. లైనుకి 30 నిమిషాలని దాని డీఫాల్ట్ లెక్క. మీ కోడ్ 20,000 లైన్లు అనుకోండి. అంటే 10,000 గంటలు. 5 శాతం అంటే 500 గంటలు. రోజుకి 8 గంటల చొప్పున రెండు నెలల పైగా పని మిగిలి ఉన్నా రిపోర్ట్‌లో ‘ఏ’ కనిపిస్తుంది! ఓనరుకి చూపించడానికి బాగుంటుంది.

ఎక్కడ చెయ్యి పెట్టాలి

చిక్కుగా ఉన్న ప్రతి ఫైలునీ సర్దక్కర్లేదు. ఇది చాలామంది ఒప్పుకోరు. గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ నమోదు చేసే టూల్) హిస్టరీ తీసి గత ఏడాదిలో ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. ఒక్క కమాండ్ పని. ఆ లిస్టునీ, కాంప్లెక్సిటీ లిస్టునీ పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ పైన ఉన్నవే ఈ ఆషాఢం పని. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు రాసి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకపోయినా నడుస్తున్న ఫైలు ఎంత ఘోరంగా ఉన్నా దాన్ని వదిలేయండి. అది మీ జోలికి రాలేదు, మీరూ వెళ్లకండి.

గిట్ వాడని టీములు ఇంకా ఉన్నాయి. ఫోల్డర్ పేరులో “ఫైనల్”, “ఫైనల్ కొత్తది” అని పెట్టుకుంటూ పోయేవాళ్లు ఈ ఏడాది కొలతలు మానేసి ముందు గిట్‌లోకి రండి. మిగతావన్నీ వచ్చే ఏడాది.

కాపీ కోడ్ వెతికే టూల్ కూడా ఒకసారి నడపండి. ఒక షాపుకి రాసింది కాపీ కొట్టి ఇంకో షాపుకి మార్చడం మన వృత్తిధర్మం కదా. అయితే ఒకచోట ‘కస్టమర్’, ఒకచోట ‘పార్టీ’, ఇంకోచోట ‘గ్రాహక్’ అని వేరియబుల్ పేర్లు మారిపోయి ఉంటే మామూలు సెట్టింగ్‌లో కొన్ని టూల్స్ పట్టుకోలేవు. పేర్లు పట్టించుకోవద్దు అనే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి.

ఆటోమేటిక్‌గా సరిచేస్తానంటే సరే అనకండి

అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. పీహెచ్‌పీ సీఎస్ ఫిక్సర్ లాంటి టూల్స్‌లో కొన్ని రూల్స్‌కి ‘రిస్కీ’ అని ముద్ర ఉంటుంది. మనం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అవి నడవవు. ఊరికే పెట్టలేదు ఆ ముద్ర. వాటిలో ఒకటి రెండు ఈక్వల్స్ ఉన్నచోట మూడు పెట్టే రూల్. పుస్తకాల ప్రకారం అదే మంచి అలవాటు. కానీ మన పాత కోడ్‌లో పార్టీ స్టేట్ కోడ్ ఫారం నుంచి వస్తుంది, అంటే ‘21’ అనే అక్షరాలుగా. పక్కన పోల్చేది 21 అనే అంకెతో. రెండు ఈక్వల్స్‌తో అవి సమానం. మూడింటితో సమానం కావు. ఒక్క కమాండ్‌తో బడా బజార్ షాపులో బరంపురం పార్టీలందరికీ ఐజీఎస్టీ పడిపోతుంది. స్క్రీన్ మీద ఎర్రర్ ఏదీ రాదు, మొత్తం కూడా మారదు, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కలిపినా అంతే కాబట్టి. రిటర్న్ వేసేటప్పుడు అకౌంటెంట్ పట్టుకుంటాడు, అప్పటికి దీపావళి అయిపోయి ఉంటుంది.

కాబట్టి టూల్ చేసిన మార్పు ఒక్కో రూల్‌కి ఒక్కో కమిట్ (గిట్‌లో విడిగా నమోదయ్యే మార్పు). స్పేసులు, ఇండెంటేషన్ లాంటి పైపై సర్దుళ్లు వేరే కమిట్, లాజిక్ ముట్టుకున్నది వేరే కమిట్. రెండూ కలిపితే తేడా చూసేవాళ్లకి నాలుగు వందల ఎర్ర లైన్ల మధ్య ఆ మూడో ఈక్వల్ కనిపించదు.

దానికన్నా ముందు పాత బిల్లులు పక్కన పెట్టుకోవాలి. గత ఏడాది బిల్లులు కొన్ని తీసి, పార్టీ పేర్లు, ఫోన్ నంబర్లు, జీఎస్టీఐఎన్‌లు (జీఎస్టీ నంబర్లు) మార్చేసి, వాటిని పాత కోడ్‌తోనూ కొత్త కోడ్‌తోనూ నడిపి పైసలతో సహా పోల్చండి. లోకల్ బిల్లు, ఆంధ్ర బిల్లు, వాపసు, డిస్కౌంట్ ఉన్నది, మినహాయింపు సరుకు ఉన్నది అన్నీ అందులో ఉండాలి. పాత కోడ్ ఇచ్చినది తప్పని తెలిసినా ముందు దాన్నే యథాతథంగా రాబట్టండి. తప్పు దిద్దడం ఇంకో రోజు, ఇంకో కమిట్. టెస్టులు లేని కోడ్‌కి ఇంతకన్నా చౌక రక్షణ నాకు తెలియదు.

టూల్ కంటికి కనపడనివి

వాడకంలో లేని ఫంక్షన్ అని టూల్ చెప్పగానే తీసేయకండి. పీహెచ్‌పీలో ఫంక్షన్ పేరుని స్ట్రింగ్‌గా (మామూలు అక్షరాలుగా) డేటాబేస్‌లోంచి తెచ్చి పిలవొచ్చు, అది టూల్‌కి కనపడదు. మార్చి 31 రాత్రి మాత్రమే నడిచే ఇయర్ ఎండింగ్ స్క్రిప్ట్ ఒకటి ఎక్కడో ఉంటుంది. తీసేసే ముందు ఆ ఫంక్షన్‌లో ఒక లాగ్ లైను (నడిచినప్పుడల్లా నమోదు చేసేది) పెట్టి ఏప్రిల్ దాటేదాకా ఆగండి.

రెండోది మన భాషలు. ఈ ఊళ్లలో పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ప్రింట్ కావాలంటారు. యూటీఎఫ్-8 అనే, కంప్యూటర్‌లో అక్షరాలు దాచే పద్ధతిలో తెలుగు, ఒడియా కోడ్‌లు ఒక్కోటి 3 బైట్లు. ‘లక్ష్మి’ చూడటానికి రెండక్షరాలే, కానీ లోపల ఒత్తులు, గుడి విడివిడిగా లెక్క కాబట్టి ఏడు కోడ్‌లు, 21 బైట్లు. ప్రింటర్ వెడల్పు కోసం పేరుని 20 దగ్గర కత్తిరించే మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ పెడితే ఆఖరి గుడి సగంలో తెగి బిల్లు మీద ప్రశ్నార్థకం పడుతుంది. కాంప్లెక్సిటీ రిపోర్ట్‌లో ఆ లైను మెరిసిపోతూ ఉంటుంది. ఎంబీ అనే ముందుమాట ఉన్న ఫంక్షన్లు వాడితే ఒక కోడ్ బైట్ల మధ్యలో తెగదు. అప్పుడు కూడా ఒత్తు దగ్గర అక్షరం చీలొచ్చు, తెలుగు చదవగలిగినవాళ్లు ప్రింట్ తీసి చూడాల్సిందే.

కోడ్‌ని ఆన్‌లైన్ సర్వీసుకి అప్‌లోడ్ చేసి స్కాన్ చేయించే ముందు అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ లేదని చూసుకోండి. ఇవాళ తీసేసినా గిట్ హిస్టరీలో ఉంటుంది, కాబట్టి పాస్‌వర్డే మార్చాలి. పీహెచ్‌పీస్టాన్ లాంటి తనిఖీ టూల్స్ ఒకసారి దించుకుంటే మన మెషీన్ మీదే నడుస్తాయి, నెట్ పోయినా పని ఆగదు.

కొత్త చెత్త పడకుండా

పీహెచ్‌పీస్టాన్‌ని పాత కోడ్ మీద మొదటిసారి నడిపితే వేలల్లో ఎర్రర్లు చూసి కుర్రాళ్లు అక్కడే ఆపేస్తారు. అన్నిటికన్నా తేలికైన లెవెల్ 0 నుంచి మొదలుపెట్టండి, 10 దాకా ఉంది, తొందరేం లేదు. ఉన్న ఎర్రర్లన్నీ బేస్‌లైన్ ఫైలులోకి (పాత ఎర్రర్ల జాబితాలోకి) రాయించండి. ఆ తర్వాత కొత్తగా వచ్చినవే చూపిస్తుంది. కొత్త ఎర్రర్ ఉంటే కమిట్ ఆగిపోవాలి, పాతవాటి జోలికి వెళ్లినప్పుడు బేస్‌లైన్ తగ్గాలి. అంతకుమించి టార్గెట్లు పెట్టకండి. “కాంప్లెక్సిటీ పది దాటకూడదు” అని జీతానికి ముడిపెడితే ఒక ఫంక్షన్‌ని ఒకటో భాగం, రెండో భాగం, మూడో భాగం అని కోసేస్తారు. అంకె తగ్గుతుంది, చదివేవాడి పని మూడింతలవుతుంది.

సీజన్‌లోనే రేటు మారితే

మహాలయ తర్వాత కోడ్ మార్చం అన్నాం గానీ ప్రభుత్వం మన క్యాలెండర్ చూసి రేట్లు మార్చదు, 2025లో చూశాం కదా. అందుకే రేట్లు టేబుల్‌లో ఉండాలన్నది. అప్పుడు చెయ్యాల్సింది కొత్త తేదీతో ఒక వరుస చేర్చడమే, ఫైలు ముట్టుకోనక్కర్లేదు. చేర్చేముందు డేటాబేస్ బ్యాకప్ తీసి తీరానికి దూరంగా ఉన్న సర్వర్‌లో ఒక కాపీ పెట్టండి. పాత వెర్షన్‌కి గిట్‌లో ట్యాగ్ (గుర్తుగా పెట్టే పేరు) ఉందో లేదో చూసుకోండి. తర్వాత టెస్ట్ కంపెనీలో మూడు బిల్లులు కొట్టండి: ఒకటి బరంపురం పార్టీకి, ఒకటి ఇచ్ఛాపురం పార్టీకి, ఒకటి పాత రేటుతో అమ్మిన సరుకు వాపసుకి. మూడూ ప్రింట్ తీసి షాపు అకౌంటెంట్‌కి చూపించి, ఆయన సరే అన్నాకే కౌంటర్‌కి వదలండి.