టెక్స్చర్ లెక్కలు, 4వ భాగం: సైన్ ఎక్కడికి పోయింది?

టెక్స్చర్ అంటే లోహంలోని స్ఫటికాలు ఎక్కువగా ఏ వైపు తిరిగి ఉన్నాయన్నది. ఈ వారం పోల్ ఫిగర్ల (ఒక స్ఫటిక తలం ఏయే దిశల్లో ఎంత ఉందో చూపే పటాలు) నుంచి ఓడీఎఫ్ (ఏ ధోరణిలో, అంటే స్ఫటికం ఏ తీరుగా తిరిగి, ఎంత లోహం ఉందో చెప్పే ప్రమేయం) తీయడం మొదలుపెడదామనుకున్నాం. కుదరదు. చెన్నై గిండీ హాస్టల్ కుర్రాళ్లూ, తరమణి ల్యాబుల్లో పనిచేసేవాళ్లూ పంపిన ఎక్సెల్ షీట్లు చూశాక ఆగాల్సి వచ్చింది. క్యూబ్ టెక్స్చర్ (స్ఫటికపు ఘనం అంచులు రేకు అంచులకు సమాంతరం) ఉన్న అల్యూమినియం రేకుకు ఓడీఎఫ్ సగటు కట్టమంటే, కచ్చితంగా 1 రావాల్సినచోట చాలామందికి 1 దాటింది.

విలువలన్నీ కూడి గడుల సంఖ్యతో భాగించారు, అదీ సంగతి. ధోరణిని చెప్పే మూడు బుంగే కోణాల (ఫై1, పెద్ద ఫై, ఫై2; ఒక్కోటి 0 నుంచి 90 వరకు, 5 డిగ్రీల గడులు) పెట్టెలో గడులు చూడ్డానికే సమానం. పెద్ద ఫై సున్నా అయితే ఫై1, ఫై2 రెండూ ఒకే అక్షం చుట్టూ తిప్పుతాయి. వాటి మొత్తం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. (10, 0, 80), (40, 0, 50), (90, 0, 0) మూడూ ఒకే ధోరణి, అదీ క్యూబే. ఒక్క స్థానాన్ని గీత పొడవునా సాగదీసి, ప్రతి గడిలోనూ దాన్నే మళ్లీ లెక్కేశారన్నమాట. అందుకే ఒక్కో వరుస బరువు పెద్ద ఫై సైన్‌ను బట్టి ఉండాలి. పెద్ద ఫై 0 నుంచి 5 డిగ్రీల వరుసకు రావాల్సిన బరువు 0.0038. 85 నుంచి 90 వరుసకు 0.0872. దాదాపు 23 రెట్లు తేడా!

'సార్, అన్ని గడుల్లో 1 పెడితే సగటు 1 వచ్చింది కదా' అని ఒకరు వాదించారు. వస్తుంది. బరువులు ఎంత తప్పయినా వస్తుంది. అన్నీ ఒకే విలువ అయినప్పుడు ఏ సగటైనా అదే విలువ. ఆ పరీక్షను నమ్మి టెన్షన్ లేకుండా కూర్చోవద్దు.

ఇంకొందరు సైన్ పెట్టారు గానీ, గడి అంచు దగ్గర పెట్టారు. సైన్ 0 అంటే సున్నా, మొదటి వరుస మొత్తం మాయం. క్యూబ్ శిఖరం ఉండే వరుసల్లో అదొకటి.

నేనైతే సైన్ జోలికే పోను. గడుల మధ్య బిందువులు 2.5, 7.5, 12.5 అని తీసుకుని, కింది అంచు కొసైన్‌లోంచి పై అంచు కొసైన్ తీసేస్తాను. 18 వరుసల బరువులు కలిపితే సరిగ్గా 1. విలువను బరువుతో గుణించి, అన్నీ కూడి, 324తో (ఒక్కో వరుసలో 18 × 18 ఫై1, ఫై2 గడులు) భాగించండి. ఈ పెట్టెలో ప్రతి ధోరణీ మూడుసార్లు ఉంటుంది, దానితో సగటుకు ఇబ్బంది లేదు. బొమ్మ చూడాలంటే మాత్రం నాకు ఫై2 = 45 కోత చాలు; క్యూబ్, గాస్, కాపర్, బ్రాస్ అనే నాలుగు ధోరణులూ అక్కడే కనిపిస్తాయి.

అభ్యాసం: టెక్స్చర్ లేని లోహంలో క్యూబ్‌కు 15 డిగ్రీల లోపు ఎంత శాతం ఉంటుంది? క్యూబిక్ స్ఫటికపు 24 భ్రమణాలూ మీరే రాసుకోండి, రెడీమేడ్ పట్టిక వద్దు. ప్రతి గడికీ అతి తక్కువ కోణం తీసుకోండి. 2.3 దగ్గర్లో రావాలి. తర్వాత గాస్‌కు (0, 45, 0) చేయండి. అదీ అంతే రావాలి.