సామెతల గ్రంథం ఎవరిది? చదువు కూటంలో ఈ ప్రశ్నను నడిపే పద్ధతి

బైబిలు పాత నిబంధనలోని సామెతలు, ప్రసంగి, పరమగీతము మూడూ ఇశ్రాయేలు రాజు సొలొమోను రాసినవేనన్నది నరసాపురం చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలలో ఆదివారపు బడి నాటి నుంచి స్థిరపడిన నమ్మకం. 1830లలోనే మిషనరీలు వచ్చి కాపురమున్న ఊరు కనుక ఇక్కడి పెద్దలకు వచనాలు కంఠతా వచ్చు. శనివారం సాయంత్రాలు మా అరుగు మీద జరిగే చదువు కూటంలో నేను మొదటిసారి ఈ విషయం ఎత్తినప్పుడు, "ప్రసంగి సొలొమోనుది కాదని పండితులు అంటున్నారు" అని మొదలుపెట్టి, మరుసటి వారం సగం చాపలు ఖాళీగా ఉండడం చూశాను. కాబట్టి పండితుల మాటతో ఎన్నడూ మొదలుపెట్టవద్దు. గ్రంథంలోని శీర్షికలతో మొదలుపెట్టండి.

అందరి చేతా సామెతల గ్రంథం తెరిపించి, పేరు చెప్పే వచనాల కింద మాత్రమే పెన్సిలుతో గీత గీయించండి. 1:1లోనూ (అంటే ఒకటో అధ్యాయం మొదటి వచనం) 10:1లోనూ సొలొమోను పేరు ఉంటుంది; 22:17లోనూ 24:23లోనూ "జ్ఞానులు" అని మాత్రమే ఉంటుంది; 30వ అధ్యాయం ఆగూరుది, 31వ అధ్యాయం ఆరంభం లెమూయేలు రాజుకు తల్లి నేర్పినది. 25:1 దగ్గర మాత్రం తొందరపడకుండా ఆగండి. అక్కడి సొలొమోను సామెతలను యూదా రాజు హిజ్కియా సేవకులు ఎత్తి రాశారని ఉంది. సొలొమోను క్రీ.పూ. పదో శతాబ్దివాడు, హిజ్కియా ఎనిమిదో శతాబ్ది చివరివాడు. అంటే రెండు వందల ఏళ్లకు పైబడిన తరువాత ఎవరో కూర్చుని ఈ భాగాన్ని చేర్చారు. "ఎత్తి రాయడం" అన్నచోట ఉన్న హెబ్రీ క్రియకు ఒకచోటి నుంచి మరొకచోటికి జరపడమని అసలు అర్థం.

ఇక్కడ ఒక పెద్దాయన తప్పకుండా అడ్డు తగులుతారు. మా కూటంలో బాబాయిగారు, "సొలొమోను మూడు వేల సామెతలు చెప్పాడని రాజుల గ్రంథంలో ఉంది కదా" అన్నారు. ఉంది, 1 రాజులు 4:32లో. కానీ సామెతల గ్రంథం మొత్తం వచనాలే 915. మూడు వేలలో ఏవి ఉంచాలో, ఏవి వదలాలో ఎవరో ఒకరు నిర్ణయించి ఉండాలి కదా అని అడిగితే ఆయనే ఆలోచనలో పడ్డారు. పలికింది ఎవరు, పోగుచేసింది ఎవరు, ఇప్పటి రూపానికి తెచ్చింది ఎవరు అనే మూడు ప్రశ్నలను విడివిడిగా వేయించడానికి అదే సమయం. "వినురవేమ" అన్న మకుటం ఉన్నంత మాత్రాన ప్రతి పద్యమూ వేమన నోటి నుంచే వచ్చిందని మనలో ఎవరూ పందెం కాయరు, అయినా వేమన పద్యాలనే అంటాం. యూదు మతాచార్యుల బోధల సంకలనమైన తల్ముదు కూడా సామెతలను, ప్రసంగిని, పరమగీతాన్ని రాసినవారు హిజ్కియా, అతని సహచరులు అంటుంది.

తరువాత 22:28, 23:10 చదివించండి: పాత పొలిమేర రాయి జరపవద్దు, తండ్రిలేనివారి పొలంలోకి చొరబడవద్దు. గట్టు జానెడు జరిగినా సర్వేయరును పిలిపించే మన డెల్టాలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర లేదు. ప్రాచీన ఈజిప్టులో అమెనెమోపె అనే అతని పేరుతో ఉన్న ఉపదేశం కూడా పొలం హద్దురాయి కదపవద్దనీ, విధవరాలి హద్దు మీదికి పోవద్దనీ చెబుతుంది. ఆ పపైరస్ పాఠం 1923లో అచ్చయింది; మరుసటి ఏడాదే జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మన్ దానికీ 22:17 మొదలయ్యే భాగానికీ ఉన్న పోలికలను చూపించాడు. ఈజిప్టు పాఠమే ముందుదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, నాకూ అదే సబబుగా తోస్తుంది.

ప్రసంగికి వేరే శనివారం కేటాయించండి. గ్రంథంలో సొలొమోను పేరు ఎక్కడా రాదు, "దావీదు కుమారుడు" అని మాత్రమే ఉంది. 12:9 నుంచి ప్రసంగిని గురించి మరొకరు మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 2:5లో మన అనువాదం శృంగారవనములు అన్నచోట హెబ్రీలో ఉన్న "పర్దేస్" పారసీక భాష నుంచి వచ్చిన మాట. అందువల్ల గ్రంథం పారసీక పాలనకు గానీ ఆ తరువాతి కాలానికి గానీ చెందినదని చాలామంది అంటారు. పాత మాటలను లేఖకులు తరువాత మార్చి ఉండవచ్చునని కొందరు సమాధానం చెబుతారు. రెండు వాదనలూ వినిపించండి. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన ప్రసంగి ప్రతి క్రీ.పూ. రెండో శతాబ్దిది కనుక, గ్రంథం అంతకన్నా తరువాతిదని మాత్రం ఎవరూ అనలేరు.

పరమగీతానికి పావుగంట చాలు: మొదటి వచనంలోని హెబ్రీ ఉపసర్గకు "సొలొమోను రాసిన" అనీ, "సొలొమోను కొరకైన" అనీ, "సొలొమోనును గురించిన" అనీ అర్థం చెప్పవచ్చు.

కష్టాలు పడిన యోబు కథ చెప్పే యోబు గ్రంథాన్ని ఆఖరున ఉంచండి. తల్ముదులో దానిని మోషేకు ఆపాదించిన మాట ఉంది, యోబు అనే మనిషే లేడు, అది ఉపమానమన్న మాట కూడా ఉంది. అవేవీ ముందుగా చెప్పకండి. 42:7 నుంచి 9 వరకు గట్టిగా చదివించి, దేవుడు ఎంతమంది స్నేహితులను మందలించాడో లెక్క పెట్టమనండి. ముగ్గురని తేలాక ఎవరో ఒకరు, యోబుతో వాదించిన నాలుగోవాడు ఎలీహు ఏమయ్యాడని అడుగుతారు. అప్పుడు అతను మాట్లాడడం మొదలుపెట్టే 32వ అధ్యాయం తెరిపించండి; ఆ భాగాన్ని ఎవరైనా తరువాత చేర్చారా అన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.