‘నాలా అయింది’ అంటే సరిపోదు: ఊళ్లో చేను ఇళ్ల ప్లాట్లు కావాలంటే

హనుమకొండ నుంచి ధర్మసాగర్ వైపు పోయినా, ఆత్మకూరు వైపు పోయినా, చెల్కల్లో రంగులేసిన హద్దురాళ్లు కనిపిస్తాయి. ధర అడిగితే ముందు వచ్చే మాట ‘నాలా అయింది సార్’. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చారని, అంతే. లేఅవుట్ అనుమతి వేరు, ఇల్లు కట్టే అనుమతి వేరు.

భూమి ఎలాంటిదో ముందు తేల్చుకోవాలి. లావణి పట్టా, అంటే అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మడానికే లేదు. ఏటూరునాగారం, తాడ్వాయి లాంటి ఏజెన్సీ మండలాల్లో 1/70 (ఏజెన్సీ భూముల బదలాయింపును అడ్డుకునే 1970 నాటి నిబంధన) అడ్డుపడుతుంది, గిరిజనేతరుల పేరు మీద బదలాయింపు చెల్లదు. ఇక చెరువులు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. గొలుసుకట్టు చెరువుల నేల ఇది. ఎండాకాలంలో చూసి ‘కుంటెక్కడుంది?’ అనేవాళ్లకు 2023 జూలై వానలు గుర్తుంటే చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే నాలా మార్పిడికి పోవచ్చు. దీనికి ప్రభుత్వ పోర్టల్ ఒకప్పుడు ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. పోర్టల్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి, పాసుబుక్కు, సర్వే నంబరు, మార్చే విస్తీర్ణం నింపి, ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ రోజు తహసీల్దారు ఆఫీసుకు పోతే ఉత్తర్వు ఇస్తారు. గ్రేటర్ హైదరాబాద్ బయట ఫీజు భూమి విలువలో 3 శాతంగా ఉంటూ వచ్చింది. ఊళ్లో నడిచే రేటు మీద కాదు, ప్రభుత్వ విలువ మీద. ఎకరం విలువ 10 లక్షలుంటే 30 వేలు. మార్చినంత మేర రైతు భరోసా ఆగిపోతుంది. ప్లాట్లు ఎప్పుడు చేస్తారో తెలియకుండా మొత్తం చేను మార్చేయడం తెలివైన పని కాదు.

అసలు కథ లేఅవుట్‌దే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ప్లాట్లు చేసి అమ్మకూడదు. ఊరు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) పరిధిలో ఉంటే ఆ సంస్థ, లేకపోతే జిల్లా టౌన్ ప్లానింగ్ అధికారులు సాంకేతికంగా పరిశీలిస్తారు. ‘పంచాయతీ ముద్ర ఉంది’ అంటే నమ్మకండి, సర్పంచ్, కార్యదర్శి సొంతంగా ఇచ్చే అనుమతి కాదిది. లింకు డాక్యుమెంట్లు (పాత రిజిస్ట్రేషన్ పత్రాలు), ఈసీ (భూమి మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), నాలా ఉత్తర్వు, సర్వే స్కెచ్, లైసెన్సున్న ప్లానర్ గీసిన ప్లాను, చెరువో వాగో దగ్గరుంటే ఇరిగేషన్ శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) పెట్టాలి. ముందు తాత్కాలిక ఆమోదం వస్తుంది. అప్పుడు రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు వేయాలి. పూర్తయ్యే దాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి రాసివ్వాలి. ఆ తర్వాతే తుది ఆమోదం, ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు).

ఎకరానికి 4,840 గజాలు. ఖాళీ స్థలానికి 484 పోతాయి. రోడ్లకు 30 శాతం పోతుందనుకుంటే అమ్ముకోవడానికి మిగిలేది సుమారు 2,900. గుంటకు 121 గజాల లెక్కన రోడ్డు, పార్కు ఏమీ వదలకుండా అమ్మేవాడి ధర ఎందుకు తక్కువో ఇక్కడే తెలుస్తుంది. ఆ తక్కువ ధరకు కొన్నవాళ్లే తర్వాత ఇంటి అనుమతి కోసం, బ్యాంకు లోను కోసం తిరుగుతుంటారు.

కొనేవాళ్లు ఎల్‌పీ నంబరు అడిగి, కుడా ఆఫీసులోనో పంచాయతీలోనో ప్లానుతో పోల్చి చూడాలి. మీ ప్లాటు తనఖాలో ఉన్న 15 శాతంలోది కాదని ఈసీ తీసి చూసుకోండి. రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో.

అనుమతి లేని ప్లాట్లు కొన్నవాళ్ల కోసం 2020లో ఎల్ఆర్ఎస్ అనే క్రమబద్ధీకరణ స్కీము వచ్చింది. కానీ ఆ స్కీము 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే. ఆ తర్వాత గుంటల లెక్కన కొన్నవాటికి వర్తించదు.